విద్యుత్ మీటరులో అధిక రీడింగు

గృహ విద్యుత్ మీటరులో, ఇంటివారి అంచనాకు మించి యూనిట్లు నమోదు కావడాన్ని అధిక రీడింగు అంటారు. దీనికి మీటరు దోషమే కారణం కానక్కరలేదు. రీడింగు తీయడంలో పొరపాటు, పెరిగిన వాడకం, వైరింగు లోపం కూడా కారణాలు కావచ్చును. నిజామాబాదు జిల్లా బాల్కొండ ప్రాంతానికి హనుమకొండ కేంద్రంగా గల తెలంగాణ ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ (ఎన్‌పీడీసీఎల్) విద్యుత్తును సరఫరా చేస్తున్నది.

బిల్లుపై ప్రభావం

ఒక కిలోవాట్ పరికరం ఒక గంట పనిచేస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది. తెలంగాణలో 2022-23లో అమలులోకి వచ్చిన గృహ ధరల ప్రకారం 200 యూనిట్లకు విద్యుత్ ఛార్జీ రూ.820 కాగా, 201 యూనిట్లకు రూ.1,027.70. స్లాబు మారడమే ఇందుకు కారణం. 2024 మార్చిలో మొదలైన గృహజ్యోతి పథకంలో అర్హత గల కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. ఆ పరిమితి దాటితే మొత్తం బిల్లు చెల్లించవలసి ఉంటుంది. అందువలన కొద్ది యూనిట్ల తేడా కూడా కుటుంబానికి భారమే.

2020లో లాక్‌డౌన్ వలన ఇంటింటి రీడింగు నిలిచిపోయి, జూన్‌లో కొన్ని నెలలకు కలిపి ఒకేసారి తీసినపుడు రాష్ట్రమంతటా బిల్లులపై ఫిర్యాదులు వచ్చాయి.

ముఖ్య కారణాలు

* వాడకం: 1 హెచ్‌పీ మోటారు దాదాపు 1 కిలోవాట్ తీసుకుంటుందనుకుంటే, రోజుకు 2 గంటల చొప్పున నెలకు 60 యూనిట్లు. వేసవిలో బోరులో నీరు తగ్గినా, పైపు కారుతున్నా మోటారు ఎక్కువసేపు నడుస్తుంది.
* లీకేజి: మోటారు లేదా తీగల ఇన్సులేషన్ దెబ్బతింటే కరెంటు భూమిలోకి పోతుంది. ఇది ప్రాణాపాయం కూడా.
* కలిసిన న్యూట్రల్: భారతదేశంలోని అనేక సింగిల్ ఫేజ్ మీటర్లు ఫేజ్, న్యూట్రల్ తీగలు రెండింటిలోని కరెంటును కొలిచి, ఎక్కువ ఉన్నదానిని లెక్కిస్తాయి. రెండు వాటాల ఇంట్లో న్యూట్రల్ తీగలు కలిసిపోతే ఒకరి వాడకం మరొకరి మీటరులో నమోదు కావచ్చును. అటువంటప్పుడు మీటరుపై 'ఎర్త్' సూచిక వెలుగుతుంది.

పరిశీలన విధానం

ముందుగా బిల్లులోని మీటరు సంఖ్య, రీడింగు, తేదీలను మీటరుతో సరిచూడాలి. తర్వాత ఇంటి మెయిన్ స్విచ్ ఆపి, మీటరుపై మిణుకుమనే దీపాన్ని గమనించాలి. అది ఇంకా మిణుకుమంటుంటే లోపం మీటరులోగాని, మీటరుకు మెయిన్‌కు మధ్య తీగలోగాని, న్యూట్రల్ కలయికలోగాని ఉండవచ్చును. ఆగిపోతే, మెయిన్ వేసి పరికరాలన్నీ ఆపి చూడాలి. అప్పుడు కూడా మిణుకుమంటే లోపల లీకేజి ఉన్నట్లు అనుమానించి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

మీటరు వేగాన్ని కూడా స్థూలంగా తెలుసుకోవచ్చును. మీటరుపై యూనిట్‌కు 3200 పల్సులు అని ఉంటే, 1000 వాట్ల హీటరు ఒక్కటే పనిచేసేటప్పుడు 18 సెకన్లలో 16 పల్సులు రావాలి. అయితే 230 వోల్టుల హీటరు 210 వోల్టుల వద్ద సుమారు 834 వాట్లే తీసుకుంటుంది కనుక, వోల్టేజి తక్కువ ఉన్నచోట పల్సులు తగ్గుతాయి.

స్మార్ట్ మీటరు

స్మార్ట్ మీటరు కూడా యూనిట్లనే కొలుస్తుంది. 15 లేదా 30 నిమిషాలకొకసారి వాడకాన్ని నమోదుచేసి సంస్థకు పంపడం దీని ప్రత్యేకత. అందరూ నిద్రించే వేళలో వాడకం తగ్గకపోతే లీకేజిని అనుమానించవచ్చును.

మీటర్లు ఎన్నడూ తప్పవని కాదు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయం 2017లో ప్రకటించిన ప్రయోగాలలో, 9 ఎలక్ట్రానిక్ మీటర్లలో 5 అధికంగా చూపాయి. గరిష్ఠ దోషం 582 శాతం. డిమ్మర్లు, ఎల్‌ఈడీ దీపాల వంటివి కలిపిన ప్రయోగశాల పరిస్థితులలో వచ్చిన ఫలితమిది. ఇళ్ళలో సాధారణంగా ఇంత దోషం ఉంటుందని దీని అర్థం కాదు.

ఫిర్యాదు

మీటరుపై అనుమానముంటే 1912 నంబరుకు గాని, స్థానిక విద్యుత్ కార్యాలయానికి గాని తెలుపవచ్చును. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు (2020) ప్రకారం ఫిర్యాదు అందిన 30 రోజులలో మీటరును పరీక్షించాలి. 2024 సవరణ ప్రకారం, రీడింగు వాడకానికి తగినట్లు లేదన్న ఫిర్యాదుపై 5 రోజులలో అదనపు మీటరు అమర్చి, కనీసం 3 నెలలు పోల్చి చూడాలి. ఫలితంతో తృప్తి చెందనివారు వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికను, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును. మీటరు సీలును స్వయంగా తెంచరాదు.

ఇవి కూడా చూడండి

* కిలోవాట్ అవర్
* విద్యుత్ చట్టం, 2003
* బాల్కొండ