డిస్కులో ఉన్న ధ్వని ఫైలులోకి ఎందుకు రాదు?

చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్, కర్మన్‌ఘాట్ కాలనీల్లో పాత బీరువా తెరిస్తే పట్టుచీరల పక్కన పెళ్లి డీవీడీలు కనిపించే ఇళ్లు చాలా ఉన్నాయి. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి వచ్చి విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు వెంట స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ ఎక్కువ. 2000 తర్వాత పది పదిహేనేళ్లలో జరిగిన పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, షష్టిపూర్తులు ఈ డిస్కుల్లోనే నిలిచాయి. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే చోటే లేదు కనుక కొందరు దిల్‌సుఖ్‌నగర్ కంప్యూటర్ దుకాణాలకు తీసుకెళ్లి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమంటున్నారు. కొందరు యూఎస్‌బీ డీవీడీ రైటర్ కొనుక్కుని ఇంట్లోనే ఆ పని చేసుకుంటున్నారు. అక్కడే ఒక ఫిర్యాదు మొదలవుతుంది: బొమ్మ వస్తోంది, సౌండ్ రావట్లేదు. తాళి కడుతున్నప్పుడు మోగిన గట్టిమేళం వినిపించదు. ఇవాళ మన మధ్య లేని తాతగారి దీవెన ఉత్త పెదవుల కదలికగా మిగిలిపోతుంది.

ఇలాంటప్పుడు ధ్వని నిజంగా చెరిగిపోయి ఉండటం చాలా అరుదు. అది డిస్కులో ఉంటుంది. మార్చే సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తించలేదు, గుర్తించినా వదిలేసింది, లేదా అది ఫైలులోకి వచ్చినా ఫోను చదవలేకపోయింది. ఈ మూడింటిలో ఏది జరిగిందో తేల్చుకోకుండా ఒక సాఫ్ట్‌వేర్ తీసేసి ఇంకొకటి ఎక్కించుకుంటూ పోతే పని తెమలదు.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. కంప్యూటర్ స్పీకరు, వాల్యూము సరిగా ఉన్నాయో లేదో చూసుకుని ముందు డిస్కునే వీఎల్‌సీ ప్లేయర్‌లో నడపాలి. వినిపిస్తే మూలం క్షేమం. తర్వాత, మార్చిన ఫైలును అదే ప్లేయర్‌లో తెరిచి, టూల్స్ మెనూలో కోడెక్ సమాచారం చూడాలి. అక్కడ బొమ్మకు ఒక స్ట్రీమ్, ధ్వనికి ఒక స్ట్రీమ్ విడివిడిగా కనిపించాలి. ధ్వని స్ట్రీమ్ అసలే లేకపోతే తప్పు మార్పిడిలో జరిగింది. స్ట్రీమ్ ఉండి, ఇక్కడ వినిపిస్తూ, ఫోనులో మాత్రం మూగగా ఉంటే తప్పు ధ్వనిని కుదించిన పద్ధతిది.

మార్పిడిలో ధ్వని జారిపోవడానికి అసలు కారణం డీవీడీ నిర్మాణంలో ఉంది. డిస్కులో వీడియో_టీఎస్ అనే ఫోల్డరు, అందులో ఒక్కొక్కటి 1 జీబీ మించని వీఓబీ ఫైళ్లు ఉంటాయి. ఎల్‌బీ నగర్ చౌరస్తాకు సాగర్ వెళ్లే బండి, విజయవాడ వెళ్లే బండి ఒకే రోడ్డు మీద ముందూ వెనకా వచ్చినట్టు, వీఓబీలో బొమ్మ, ధ్వని 2048 బైట్ల ముక్కలుగా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ప్రతి ముక్క మీదా అది ఏ స్ట్రీమ్‌దో చెప్పే సంఖ్య ఉంటుంది. ఎంపెగ్ ప్రమాణం తన సొంత ధ్వని పద్ధతికి 192 నుంచి 223 వరకు సంఖ్యలు కేటాయించింది. డాల్బీ వారి ఏసీ-3, డీటీఎస్, కుదించని ఎల్‌పీసీఎం అనే మూడు పద్ధతులకు అందులో చోటు లేదు. అందుకని డీవీడీలో ఈ మూడింటినీ 189 అనే ఒకే సంఖ్య కింద, ప్రైవేట్ స్ట్రీమ్ 1 పేరుతో పంపిస్తారు. ఆ ముక్క లోపల రెండో గుర్తు ఉంటుంది: ఏసీ-3 అయితే 128 నుంచి, డీటీఎస్ అయితే 136 నుంచి, ఎల్‌పీసీఎం అయితే 160 నుంచి. లోపలి గుర్తు చదవడం రాని సాఫ్ట్‌వేర్‌కు ఆ స్ట్రీమ్ ఏమిటో తెలియదు. బొమ్మను తీసుకుని ధ్వనిని అక్కడే వదిలేస్తుంది. పాత ఉచిత కన్వర్టర్లతో మన వీధుల్లో జరుగుతున్న నష్టంలో పెద్ద భాగం ఇదేనని నా అభిప్రాయం.

అంతకు ముందు తరం వీసీడీలో ఈ చిక్కు లేదు. 1993లో వచ్చిన ఆ ప్రమాణం ప్రకారం ధ్వని ఎప్పుడూ ఎంపెగ్-1 లేయర్ 2 పద్ధతిలో, సెకనుకు 224 కిలోబిట్లతోనే ఉంటుంది. అక్కడ ఇబ్బంది పెట్టేది గీతలు. వీసీడీలో బొమ్మ, ధ్వని ఉన్న సెక్టార్లకు కంప్యూటర్ డేటాకు ఉన్నంత దోష సవరణ లేదు కనుక చిన్న గీత పడినా అంత మేర రెండూ తెగిపోతాయి.

డీవీడీ మీద ఏసీ-3 ఎందుకంత వ్యాపించిందో చిన్న లెక్క చెబుతుంది. స్టీరియో ధ్వనిని కుదించకుండా ఎల్‌పీసీఎంగా ఉంచితే సెకనుకు 1536 కిలోబిట్లు, అంటే గంటకు దాదాపు 691 ఎంబీ. అదే ఏసీ-3లో 192 కిలోబిట్లకు కుదిస్తే గంటకు 86 ఎంబీ చాలు. మూడు గంటల పెళ్లిని 4.7 జీబీ డిస్కులో ఇమడ్చాల్సిన మిక్సింగ్ స్టూడియో మిగిలిన జాగా అంతా బొమ్మకే ఇవ్వాలనుకుంటుంది. అయినా ఎల్‌పీసీఎంతో చేసిన పెళ్లి డిస్కులూ ఉంటాయి. వాటిది వేరే ఇబ్బంది. డీవీడీ ఎల్‌పీసీఎంను ఉన్నదున్నట్టుగా ఎంపీ4 ఫైలులో పెట్టడం కుదరదు. నాణ్యత తగ్గకూడదని ‘ఆడియో కాపీ’ ఎంచుకున్నవారికి మార్పిడి మధ్యలోనే ఆగిపోవచ్చు, లేదా మూగ ఫైలు చేతికి రావచ్చు. ధ్వనిని ఏఏసీ అనే పద్ధతిలోకి మార్చమని చెబితే సరిపోతుంది.

సమర్థమైన సాఫ్ట్‌వేర్ కూడా పొరబడే సందర్భం ఇంకొకటుంది. వీఓబీ ఫైలు మొదట్లో, లోపల ఎన్ని స్ట్రీములున్నాయో చెప్పే పట్టిక ఏదీ ఉండదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వంటి పనిముట్టు ఫైలు ఆరంభం నుంచి 50 లక్షల బైట్ల వరకు చదివి అందులో కనిపించిన స్ట్రీములనే లెక్కలోకి తీసుకుంటుంది. సెకనుకు 6 మెగాబిట్ల డీవీడీలో అది ఆరేడు సెకన్ల బొమ్మ. స్టూడియో పేరు, వధూవరుల పేర్లు నిశ్శబ్దంగా కదిలి ధ్వని ముక్కలు ఆ తర్వాతే మొదలయ్యే డిస్కు అయితే, మూడు గంటల ధ్వనినీ అది లేనట్టే భావిస్తుంది. ప్రోబ్‌సైజ్, ఎనలైజ్‌డ్యూరేషన్ అనే రెండు సెట్టింగుల విలువలు పెంచితే ధ్వని దొరుకుతుంది. ఇంత చిన్న సంగతి తెలియక ఎందరో తమ డిస్కు పాడైందనుకుంటున్నారంటే నాకు బాధగా ఉంటుంది.

ఫైళ్ల పేర్లు కూడా చూసుకోవాలి. వీటీఎస్_01_0 అనే వీఓబీ మెనూకు చెందినది. అసలు కార్యక్రమం వీటీఎస్_01_1 నుంచి మొదలవుతుంది. మెనూ ఫైలును మార్చి ధ్వని లేదనుకుంటే లాభం లేదు.

ఒక డీవీడీలో 8 వరకు ధ్వని ట్రాకులు ఉండవచ్చు. హ్యాండ్‌బ్రేక్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఆడియో విభాగం తెరిచి, ఏ ట్రాకు ఎంపికైందో చూడటం తప్పనిసరి. ఎంపికైన ట్రాకు ఖాళీదైతే వచ్చే ఫైలులో స్ట్రీమ్ ఉంటుంది, ధ్వని ఉండదు. దీనికి దగ్గరి సమస్యే 5.1 ధ్వనిది. ఆరు చానళ్లలో మాటలు ప్రధానంగా మధ్య చానల్‌లో ఉంటాయి. వాటిని రెండుగా కలిపేటప్పుడు మధ్య చానల్‌ను కుడి ఎడమలకు పంచకుండా ముందరి రెండింటినే తీసుకుంటే నేపథ్య సంగీతం నిండుగా వినిపిస్తుంది, సంభాషణలు మాయమవుతాయి. పెళ్లి డిస్కుల్లో ఇది అరుదు, సినిమా డిస్కుల్లో తరచుగా ఎదురవుతుంది.

ఇక ఫోను సంగతి. ఆండ్రాయిడ్ ఫోన్లన్నింటిలో తప్పక ఉండాల్సిన ధ్వని పద్ధతుల్లో ఏఏసీ, ఎంపీ3 ఉన్నాయి, ఏసీ-3 లేదు. డాల్బీ లైసెన్సు తీసుకున్న తయారీదారు మాత్రమే దాన్ని చేర్చుతూ వచ్చాడు. ఏసీ-3 మీది పేటెంట్ల గడువు 2017లో తీరినా చాలా ఫోన్లు ఇంకా దాన్ని చదవవు. దుకాణం కంప్యూటర్‌లో చక్కగా పాడిన ఫైలు ఇంటికి వెళ్లాక ఫోనులో మూగబోవడానికి కారణం ఇదే. దుకాణదారు మోసం చేశాడనుకోనక్కర్లేదు. బొమ్మను ముట్టుకోకుండా ధ్వనిని మాత్రం ఏఏసీకి మార్చితే నిమిషాల్లో సరిపోతుంది.

ఈ పని చేసే దుకాణాల వారిని నేను కోరేది ఒకటుంది. ఫైలు ఇచ్చే ముందు మొదట్లో, మధ్యలో, చివర్లో కొంచెం సేపు, హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. కుటుంబాల వారికి చెప్పేది మరొకటి: మార్చడం అయిపోగానే డిస్కులు పారేయకండి. ఇంట్లోనో స్టూడియోలోనో రాసిన డీవీడీ-ఆర్‌లో సమాచారం సేంద్రియ రంగు పొర మీద ఉంటుంది. వేడికీ వెలుతురుకీ అది మెల్లగా చెడిపోతుంది కనుక ఎంపీ4తో పాటు డిస్కు మొత్తాన్ని ఐఎస్‌ఓ ఫైలుగా కూడా దించి పెట్టుకోవాలి. మార్పిడిలో ఏ స్ట్రీమ్ జారిపోయినా ఐఎస్‌ఓలో అన్నీ ఉంటాయి, ఎప్పుడైనా మళ్లీ తీసుకోవచ్చు. 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో పది పన్నెండు డిస్కులు పడతాయి. అయితే ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయిన పెన్‌డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైలును తీసుకోదు. నిండు డిస్కు ఐఎస్‌ఓను అందులో పెట్టాలంటే ముందుగా పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చాలి.