హద్దు లేని ప్రేమ అంటే ఏంటి? | మామకి ఇచ్చిన వేరే గ్లాసు

పోయిన నెల పుంగనూరు యూత్ మీటింగ్‌లో ఒక తమ్ముడు అడిగాడు: “అన్నా, దేవుని ప్రేమకు హద్దుల్లేవని ప్రతి ఆదివారం వింటాం. హద్దు లేకపోవడం అంటే అసలేంటి?”

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినోణ్ణి కదా, నాకు ముందు గుర్తొచ్చింది అన్‌లిమిటెడ్ డేటా ప్లాన్. పేరుకే అన్‌లిమిటెడ్. రోజుకి రెండు జీబీ దాటగానే స్పీడు పడిపోతుంది. మన ప్రేమలూ చాలావరకు అంతే. ఎక్కడ ఆగుతాయో ఆ చోటు వచ్చేదాకా మనకే తెలీదు.

నాది ఎక్కడ ఆగిందో చెప్తా. కుప్పంలో ఉండే మా మామకి, అంటే అమ్మ తమ్ముడికి, టీబీ వచ్చింది. ఆరు నెలలు మందులు వాడాడు. నయమైందని డాక్టరు చెప్పేశారు. ఆ తర్వాత మా ఇంటికొచ్చాడు. టీబీ గాలి ద్వారా వస్తుంది, గ్లాసులు కంచాల వల్ల రాదు. బీటెక్ చదివిన నాకు ఆ సంగతి తెలుసు. అయినా ఆయనకి కాఫీ వేరే గ్లాసులో పోసిచ్చాను. మామ ఏమీ అనలేదు. తాగి, తనే కడిగి, మా గ్లాసుల పక్కన పెట్టకుండా కిటికీలో బోర్లించి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం చర్చిలో వాక్యం చెప్పాల్సింది నేనే. దేని మీదో తెలుసా? ప్రేమ మీద.

ఇప్పుడు మార్కు సువార్త 1వ అధ్యాయం, 40 నుంచి 42 వచనాలు తీయండి. ఒక కుష్ఠరోగి యేసు దగ్గరికొచ్చి మోకరించాడు. లేవీయకాండము 13 ప్రకారం అలాంటివాడు పాళెం బయటే ఉండాలి, తాను అపవిత్రుణ్ణని తనే కేకలు వేయాలి. శతాధిపతి దాసుణ్ణి ప్రభువు దూరం నుంచి ఒక్క మాటతో బాగుచేశాడు. ఇక్కడా మాట సరిపోయేది. కానీ చెయ్యి చాపి ముట్టుకున్నాడు. వరస గమనించండి: ముట్టుకోవడం ముందు, శుద్ధి కావడం తర్వాత. నేను రిపోర్టు నెగటివ్ వచ్చాక కూడా ముట్టుకోలేదు.

తమ్ముడూ, నీ ప్రశ్నకి నాకు తెలిసిన జవాబు ఇదే. హద్దు లేదంటే చాలా ఎక్కువని కాదు, మనం ఆగిపోయే చోట ఆయన ఆగలేదని.

మన మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. 1915లో వేర్వేరు మిషన్లు కలిసి అక్కడ క్షయ శానటోరియం తెరిచాయి. డెన్మార్క్ డాక్టర్ ఫ్రిమోట్-మోలర్ దాన్ని నడిపారు. టీబీని చంపే స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. అంటే 28 ఏళ్లు అక్కడ ఉన్నది ముఖ్యంగా విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి, కొందరికి ఆపరేషన్లు. నయమవుతుందో లేదో తెలీని మనిషి పక్కన ప్రతి పొద్దున వచ్చి నిలబడాలి.

వాళ్లూ రోగుల్ని ఊరికి దూరంగానే ఉంచారు కదా అంటారేమో. అంటురోగానికి జాగ్రత్త ఉండాల్సిందే. కానీ నేనిచ్చిన ఆ గ్లాసు జాగ్రత్త కాదు.

ఈ మాట మామకి ఇంకా చెప్పలేదు. శనివారం కుప్పం వెళ్తున్నా. ప్రార్థన చేయండి.