ఆముదపు దాసరి పురుగు

నల్లమల కొండలకు తూర్పున నున్న మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో వర్షాధారపు మెట్టభూములు ఎక్కువ. ఇచ్చట ఆముదము వేయు రైతులు దాసరి పురుగును బాగుగా నెరుగుదురు. దీనికే నామాల పురుగు అని మరియొక పేరు. ఇది విజృంభించినచో ఆకులలో ఈనెలు మాత్రమే మిగులును.

ఇది యొక శలభము యొక్క బాల్యదశ. దీని శాస్త్రీయ నామము అకియా జనాట. 1758లో లిన్నేయసు దీనిని వర్ణించెను. శలభము ముందు రెక్కలు ఎండుటాకు రంగున నుండును. వాటిని కప్పుకొని కూర్చున్నప్పుడు పురుగు కంటబడదు. వెనుక రెక్కలు నల్లనివి. వాటిపై తెల్లని పట్టీ, అంచున తెల్లని మచ్చలు ఉండును. బెదరి లేచినప్పుడు ఆ తెలుపు తళుక్కున మెరయును. వెంటాడు పక్షి ఆ తెలుపునే గురి చూచుకొనును. పురుగు వ్రాలగానే అది మాయమగును. ఐరోపా, అమెరికా ఖండములలో ఎర్రని, పసుపుపచ్చని వెనుక రెక్కలుగల కాటొకేలా శలభములు ఈ ఉపాయమునకే ప్రసిద్ధికెక్కినవి. అవియు మన పురుగును ఒకే కుటుంబములోనివి.

తల్లి శలభము ఆకులపై విడివిడిగా గ్రుడ్లు పెట్టును. పొదిగిన పిల్లకు పొట్ట ముందుభాగపు కాళ్ళు సరిగా ఎదుగవు. అందుచే అది నడుమును విల్లువలె వంచి, జేనలతో నేలను కొలచునట్లు నడచును. రెండు మూడు వారములు ఆకు తిని, రాలిన ఆకులలోనో మట్టిలోనో ప్యూపాగా మారును.

శలభమైన పిమ్మట అది ఆకు ముట్టదు. రాత్రివేళ బత్తాయి వంటి పండ్లను గట్టి తొండముతో పొడిచి రసము పీల్చును. ఆ రంధ్రము గుండా బూజు ప్రవేశించి పండు కుళ్ళి రాలును. ఒకే పురుగు చిన్నతనమున ఆముదపు రైతునకు, పెరిగిన పిమ్మట తోట రైతునకు నష్టము కలిగించుచున్నది!

అయితే దీనికిని శత్రువులు కలవు. గోరువంకలు దీనిని ఏరి తినును. అంతకంటె విచిత్రమైనది స్నెలీనియస్ అను చిన్న కందిరీగ. ఇది లేత పురుగు శరీరములో గ్రుడ్డు పెట్టును. దాని పిల్ల లోపలనే పెరిగి, బయటకు వచ్చి, పురుగు తోక వైపున చిన్న గూడు అల్లుకొనును. గూడు మోయుచున్న పురుగు ఇక శలభము కాజాలదు. కొలది దినములలో చచ్చును.

కనుక మందు చల్లుటకు ముందు పొలములో తిరిగి చూడవలెను. మొక్కకు ఒకటి రెండు గూళ్ళ పురుగులు కనిపించినచో మందు ఆపుట మేలు. లేనిచో శత్రువుతోబాటు మిత్రుడును నశించును. మిగిలిన పెద్ద పురుగులను చేతితో ఏరివేయవచ్చును.

ఉపాధ్యాయులు కొన్ని పురుగులను ఆముదపు ఆకులతో సీసాలలో నుంచి, మూతిని పలుచని గుడ్డతో కట్టి పెంచవచ్చును. ఎన్నింటి నుండి శలభములు, ఎన్నింటి నుండి కందిరీగలు వచ్చినవో విద్యార్థులు లెక్క వ్రాయవలెను. ఆ పొలమునకు మందు అవసరమా కాదా అను ప్రశ్నకు ఆ లెక్కయే కొంత సమాధానము చెప్పగలదు.