హైదరాబాదు – దుబాయి: విమాన దూరము, ప్రయాణ కాలము

బ్రతుకుతెరువుకై కరీంనగరు, నిజామాబాదు ప్రాంతముల పల్లెలనుండి పలువురు గల్ఫు దేశములకు వెళ్ళుచుందురు. వారి రాకపోకల వేళలను గూర్చి ప్రజలు పంచాయతీ సభ్యులను సలహా అడుగుట సహజము.

హైదరాబాదునుండి దుబాయికి ఆకాశమార్గమున దూరము సుమారు 2,550 కిలోమీటర్లు. విమానము గంటకు 800 కిలోమీటర్లకు పైగా వేగముతో పోవునప్పటికిని ప్రయాణమునకు దాదాపు 4 గంటలు పట్టును. నేలపై నడుచుటకు, పైకెగయుటకు, దిగుటకు కొంత కాలము కావలెను. పైగా మిక్కిలి ఎత్తున గాలులు సాధారణముగా పడమటినుండి తూర్పునకు వీచును. పోవునప్పుడు ఎదురైన గాలియే వచ్చునప్పుడు వెనుకనుండి తోడ్పడును. కావుననే తిరుగు ప్రయాణమునకు సుమారు మూడున్నర గంటలు చాలును.

గడియారము మాత్రము వేరుగా చూపును. తూర్పుననున్న మనకు సూర్యోదయము ముందుగా అగుటచే, దుబాయి కాలము మన కాలమునకు గంటన్నర వెనుకబడి యుండును. ఇచ్చట ఉదయము 10 గంటలకు బయలుదేరిన విమానము అచ్చటి కాలము ప్రకారము మధ్యాహ్నము 12-30కు చేరును. టికెట్టుపై ఏ ఊరి వేళ ఆ ఊరి కాలమునే తెలుపును.

ముఖ్యముగా గమనింపదగినది అర్ధరాత్రి విమానము. టికెట్టుపై “15వ తేదీ, 00-30” అని యున్నచో, అది 14వ తేదీ అర్ధరాత్రి దాటిన అరగంటకు అని అర్థము. ప్రయాణికుడు 14వ తేదీ రాత్రి 9-30 గంటలకే శంషాబాదు విమానాశ్రయమున ఉండవలెను. 15వ తేదీ రాత్రి వెళ్ళినచో విమానము దక్కదు. అప్పుచేసి కొన్న టికెట్టు వృథా కావచ్చును. ఈ ఒక్క సంగతిని గ్రామమున తెలియజెప్పినను సభ్యులు ఎన్నో కుటుంబములకు మేలు చేసినవారగుదురు.