యాత్రావ్యాసములందు ఉదంతోపక్రమము

యాత్రావ్యాసమును ఒక చిన్న ఉదంతముతో ఆరంభించుట నేటి పత్రికారచనలో పరిపాటి. ఈ ఉపక్రమము అలంకారమాత్రమా, వ్యాసనిర్మాణమునకు ఆధారమా అను విషయమును ఇచట విచారింతుము.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చెను. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయినది. అందలి కథనము మజిలీల వరుసను అనుసరించి నడచును. మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు వ్రాసి పంపినది కావున, చదువరి ఆసక్తిని వేఱుగ రేకెత్తింప నక్కఱ లేకపోయెను. పత్రికాపాఠకుడు అట్టి మిత్రుడు కాడు. అతనికి మొదటి పేరాయే ద్వారము.

అయితే ద్వారము లోనికి దారి తీయవలెను. గోదావరి రేవులో బేరము లేక కూర్చున్న పడవవానితో మొదలైన వ్యాసము, వంతెనలు వచ్చినపిమ్మట రేవుల బ్రతు కెట్లు మాఱెనో చెప్పినచో ఆ ఉదంతము సార్థకము. వెంటనే గుడిగోపురముల వర్ణనకు మరలినచో అది వట్టి ఎర. కావుననే ఉదంతము ముగిసిన వెంటనే వ్యాసవిషయమును స్పష్టముగ చెప్పు పేరా ఒకటి ఉండవలెను. ఆంగ్లపత్రికలవారు దీనిని 'నట్ గ్రాఫ్' అందురు.

అన్నిటికంటె ముఖ్యముగ, ఉదంతము నిజముగ జరిగినదై యుండవలెను. కల్పన కథకుని సొత్తు, విలేఖరిది కాదు. తొలి పేరా కల్పితమని తేలిననాడు, తరువాత వచ్చు దూరములను, ధరలను, తేదీలను ఎవరు నమ్ముదురు? వీరాస్వామయ్య వ్రాతలు నేటికిని చరిత్రకారులకు ఆధారమగుచున్నవనగా, అట్టి నమ్మకమే కారణమని మా అభిప్రాయము.