‘నువ్వు తప్ప నాకెవరున్నరు బిడ్డా!’ – అపోహలు, వాస్తవాలు

ఫలక్‌నుమాలో ఎంఎంటీఎస్ ఎక్కి హైటెక్ సిటీలో దిగే ఉద్యోగినుల్లో కొందరి ఫోన్ దారి పొడవునా మోగుతూనే ఉంటుంది. యాకుత్‌పురా రాకముందే ఒకసారి, మలక్‌పేటలో ఇంకోసారి, బేగంపేట దగ్గర మళ్లీ. "ఏడున్నవ్? సీటు దొరికిందా? పక్కన ఎవరు కూసున్నరు?" అమ్మాయికి ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి. తండ్రి లేడు, ఇల్లు తన జీతంతోనే గడుస్తుంది. తల్లి గౌలిపురాలోనో షాలిబండలోనో మగ్గం వర్క్ చట్రం ముందు కూర్చుని ఉంటుంది. పై చెయ్యి సూదితో, బట్ట కింది చెయ్యి దారంతో ఆడుతుంటే ఫోన్ పట్టుకునే వీలుండదు కాబట్టి, స్పీకర్ ఆన్ చేసి ఒళ్లో పెట్టుకుంటుంది.

ఇలాంటి ఇళ్ల గురించి చుట్టుపక్కల వాళ్లకు గట్టి అభిప్రాయాలే ఉంటాయి. వాటిలో చాలావరకు నిలబడవు.

అపోహ: ఎంత చేసినా అది తల్లి ప్రేమే, తప్పు పట్టకూడదు

ప్రేమ కాదని ఎవరూ అనడం లేదు. కానీ ‘ఎక్కడున్నావు, ఎప్పుడొస్తావు’ అని అడగడం వేరు, ‘నువ్వు పోతే నేను సచ్చిపోత’ అనడం వేరు. అమెరికన్ పరిశోధకుడు బ్రయన్ బార్బర్ 1996లో ఈ రెంటి మధ్య గీత గీశాడు. పిల్లల నడవడి మీద ఉంచే అదుపు ఒకటి, మనసు మీద పెట్టే అదుపు ఇంకొకటి. తప్పు చేశానన్న భావన కలిగించడం, మాట వినకపోతే ముఖం తిప్పుకోవడం, మాట్లాడటం మానేయడం రెండో రకం. పిల్లల మనసుకు ఎక్కువ చేటు చేసేది ఇదేనని ఆయన వాదన.

మన ఇళ్లలో దీనికి పరిశోధకుల భాష అక్కర్లేదు. అన్నం పళ్లెం పక్కకు నెట్టి గోడవైపు తిరిగి పడుకునే తల్లి చాలు. అలా పడుకున్న రాత్రి కూతురు బెంగళూరు ఆఫర్ లెటర్‌కు ‘రాలేను’ అని జవాబు రాస్తుంది. ఎవరూ ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. మర్నాడు కూతురికి ఇష్టమైన కూరే వండుతారు.

అపోహ: ఇది పాతబస్తీ చాదస్తం, అందులోనూ ముస్లిం ఇళ్లలో ఎక్కువ

లాల్‌దర్వాజ, ఉప్పుగూడ, అలియాబాద్ తెలుగు ఇళ్లలో ‘బిడ్డా’ అని మొదలయ్యే మాటే హుస్సేనీ ఆలంలో ‘బేటీ’ అని మొదలవుతుంది. మిగతాదంతా ఒకటే.

అసలిది ఈ ఊరి జబ్బే కాదు. ఫ్రాన్సులో మదామ్ ద సెవిన్యె అనే ఆమె భర్త 1651లో ద్వంద్వయుద్ధంలో పోయాడు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు. కూతురికి పెళ్లయి 1671లో దూరాన ఉన్న ప్రోవాన్స్‌కు వెళ్లిపోతే, తల్లి పారిస్ నుంచి ఆమెకు వందల ఉత్తరాలు రాసింది. ఆరోగ్యం, కాన్పులు, అప్పులు, తల దువ్వుకునే తీరు... అన్నిట్లోనూ సలహాలే. ఇవాళ ఆ ఉత్తరాలు ఫ్రెంచి సాహిత్యానికి పెన్నిధి. కూతురు రాసిన జవాబులు మాత్రం మిగల్లేదు. తల్లి గొంతు ఒక్కటే విని ‘ఎంత ప్రేమో’ అనుకుంటున్నాం.

ఆ కాలంలోనే మన ఊళ్లో గోల్కొండ రాణి హయాత్ బక్షీ బేగం ఉంది. మదమెక్కిన ఏనుగు మీద చిక్కుకున్న కొడుకు క్షేమంగా దిగితే బంగారు గొలుసు సమర్పిస్తానని మొక్కుకుందనీ, హుస్సేనీ ఆలం లంగర్ (గొలుసు) ఊరేగింపు అలా మొదలైందనీ చెబుతారు. 1626లో భర్త పోయాక చిన్నవాడైన కొడుకు అబ్దుల్లా కుతుబ్ షా వెనక ఉండి రాజ్యం నడిపింది. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడిస్తే సంధి కోసం అతని డేరాకు వెళ్లిందీ ఆ తల్లే. అప్పటికి కొడుక్కి నలభై దాటాయి. ఆమెను మాసాహెబా అన్నారు. మాసాబ్ ట్యాంక్‌కు ఆ పేరు ఆమె వల్లే వచ్చింది. కొడుకును పట్టుకుని ఉన్న తల్లిని రాజనీతిజ్ఞురాలు అన్న ఊరే, కూతుర్ని పట్టుకుని ఉన్న తల్లిని చాదస్తపు మనిషి అంటుంది. నాకిది కొంచెం అన్యాయంగానే కనిపిస్తుంది.

అపోహ: పెళ్లయ్యేదాకా ఆడపిల్ల తల్లి చేతికిందే, తల్లి ఒప్పుకోకపోతే పెళ్లి చెల్లదు

18 నిండితే చట్టం ముందు ఆమె పెద్దమనిషి. కేరళలో భర్త నుంచి విడిపోయిన ఒక తల్లి కూతుర్ని తనకప్పగించమని సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. కువైట్‌లో తండ్రి దగ్గరే ఉండి చదువుకుంటానని 18 దాటిన ఆ కూతురు చెప్పింది. తల్లి భావావేశాన్ని చూసి కోర్టు తానే సంరక్షకుడి పాత్ర తీసుకోకూడదని 2018 జనవరిలో తీర్పు వచ్చింది.

నికా సంగతీ అంతే. మన దగ్గర కోర్టులు గుర్తించే హనఫీ సంప్రదాయంలో యుక్తవయసు వచ్చిన స్త్రీ తన నికా తనే చేసుకోవచ్చు. బార్కస్ వైపు అరబ్బు మూలాలున్న షాఫీ కుటుంబాల్లో వలీ (పెళ్లి జరిపించే సంరక్షకుడు) ఉండాలంటారు, కానీ అక్కడా వలీ మగవాడే, తల్లి కాదు. అంటే ‘నా అనుమతి లేకుండా ఎట్ల చేసుకుంటవ్’ అన్న మాటకు బలం బంధంలోంచి రావాల్సిందే, చట్టంలోంచి రాదు.

అపోహ: ఆమెకు భయాలెక్కువ, ఊరికే ఊహించుకుంటుంది

ఇక్కడే కాస్త ఆగాలి. ఆ భయాలకు లెక్కలున్నాయి.

కొడుకులు లేని, ఒక్కతే కూతురున్న సున్నీ ముస్లిం ఇంట్లో తండ్రి పోయాడనుకుందాం. భార్యకు ఎనిమిదో వంతు, కూతురికి సగం. మిగిలింది భర్త అన్నదమ్ముల వంటి మగ బంధువులకు పోతుంది. 16 లక్షల ఇల్లయితే తల్లికి 2 లక్షలు, కూతురికి 8 లక్షలు, బాబాయి వైపు 6 లక్షలు. రెండు గదుల ఇంట్లో ఆ 6 లక్షల వాటా అంటే వంటగది గోడ దాకా అవతలివాళ్ల హక్కు. కూతురు కూడా వెళ్లిపోతే ఆ ఇంట్లో తన పక్షాన మాట్లాడేవాళ్లు ఉండరని తల్లికి తెలుసు. ‘ఇంకో ఏడాది ఆగుదాం’ అని సంబంధాలు వెనక్కి పంపడంలో కొంత ఈ లెక్క కూడా ఉంటుంది.

హిందూ ఇళ్లలో వీలునామా లేకపోతే భర్త స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, పెళ్లయినా సరే కూతుళ్లకు, బతికుంటే భర్త తల్లికి సమాన వాటాలు (1956 చట్టం). ఆమె మళ్లీ పెళ్లి చేసుకున్నా ఆ వాటా పోదు. ఇది తెలియని వాళ్లు ఎందరో. తెలిసినా కాగితం మరిది దగ్గరే ఉంటుంది. తెలంగాణలో వితంతు పింఛను 2019 నుంచి నెలకు 2,016 రూపాయలైంది. మగ్గం పని కూలి పెళ్లిళ్ల సీజన్ చూసుకుని వస్తుంది. ఇంతకు మించి ఆమె పేరున ఏమీ లేనప్పుడు ఆమెకున్న ఆస్తి కూతురే.

అపోహ: భర్త లేని తల్లి పెళ్లిపీటల దగ్గరకు రాకపోవడమే శాస్త్రం

భర్త పోయిన పదో రోజున గాజులు తీయించిన ఊరు, లాడ్ బజార్‌లో కూతురి పెళ్లికి లక్క గాజులు బేరమాడే పని మాత్రం ఆమెకే వదిలేస్తుంది. మంటకు మెత్తబడిన లక్కను సాగదీసి అద్దాలు అతుకుతుంటే దగ్గరుండి సైజు చూసుకునేది ఆమే. పెళ్లినాడు కన్యాదానానికి పీటల మీద కూర్చునేది పినతండ్రి దంపతులు. ఇరవై ఏళ్లు పెంచిన బిడ్డను వేరొకరు ధారపోస్తుంటే ఆమె గుమ్మం దగ్గర నిలబడుతుంది. పెళ్లి దగ్గరపడే కొద్దీ పట్టు బిగించే తల్లిని చూసి విసుక్కునేవాళ్లు ఈ సంగతి తలచుకోరు.

చట్టం మాటకొస్తే, 1955 హిందూ వివాహ చట్టం కన్యాదానాన్ని తప్పనిసరి చేయలేదు. అలహాబాద్ హైకోర్టు 2024 మార్చిలో ఆ మాటే చెప్పింది. తల్లి పీటల మీద కూర్చుంటే పెళ్లికి వచ్చే లోపమేమీ లేదు. ముస్లింలలో భర్త పోయిన స్త్రీ పాటించే నిరీక్షణ కాలం, ఇద్దత్, 4 నెలల 10 రోజులు. ఆ తర్వాత కూడా గడప దాటనివ్వకపోతే అది ఆచారం పేరుతో మనుషులు పెట్టిన గడువు.

అపోహ: ఆమెకు మెంటల్, డాక్టరుకు చూపించాలి

చాలామందికి జబ్బేమీ లేదు. కొందరికి ఉండొచ్చు. మనిషి పోయి ఆరు నెలలు దాటాక కూడా రోజువారీ పనులు సాగనివ్వని దుఃఖాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో చేర్చింది. ఆ పట్టిక 2022లో అమల్లోకి వచ్చింది. అలాంటప్పుడు టెలీమానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. కూతురు కూడా చేయవచ్చు.

అపోహ: పెళ్లయిన కూతురికి తల్లి బాధ్యత ఉండదు

తల్లి భయాల్లో పెద్దది ఇదే. సుప్రీంకోర్టు 1987లోనే దీన్ని కొట్టేసింది. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రుల పోషణ భారం, స్తోమత ఉంటే పెళ్లయిన కూతురి మీదా ఉంటుందని చెప్పింది. 2007 తల్లిదండ్రుల సంరక్షణ చట్టం కూడా ‘పిల్లలు’ అన్న మాటలో కూతుర్ని చేర్చింది. కేంద్రం చేసిన ఆ చట్టం ప్రకారం నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల దాకా పోషణ ఇప్పించవచ్చు. దీనికి తల్లికి అరవై నిండాలన్న నియమం లేదు.

ఇల్లు కూతురి పేర రాసిస్తే దగ్గరే ఉంటుందని ఆశపడే తల్లులకు ఒక మాట. చూసుకుంటానన్న షరతును దస్తావేజులోనే రాయించుకోవాలి. అలా రాయించుకుని, తర్వాత కూతురు పట్టించుకోకపోతే 60 ఏళ్లు దాటిన తల్లి 2007 చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ బదిలీని రద్దు చేయించుకోవచ్చు. నోటిమాటగా అనుకున్న షరతుతో గెలవడం కష్టం.