ఉస్మానియా ఆచార్యులు: రాజనీతి, భూగోళం, అనువాదం

అరబ్బీ భూగోళ గ్రంథాలతో పరిచయమున్న పాఠకులకు మఖ్దిసీ పేరు కొత్త కాదు. బైతుల్ మఖ్దిస్‌లో పుట్టి, ఊరూరా తిరిగి, చూసినదాన్ని చూసినట్లు రాసిన ఈ పండితుడు క్రీ.శ. 985 ప్రాంతంలో 'అహ్‌సనుత్తకాసీం' అనే గ్రంథాన్ని రచించాడు. ముస్లిం దేశాలను అందులో పద్నాలుగు ఇఖ్లీములుగా విభజించాడు. 'మిస్ర్' అంటే మహానగరం, అది రాజువంటిది, దాని కిందనున్న కసబాలు ద్వారపాలకులవంటివి, పట్టణాలు సైనికులవంటివి, గ్రామాలు కాల్బలంవంటివి అని పోల్చి చెప్పాడు. ఇది భూగోళమా, రాజనీతా అని ఎవరైనా అడిగితే మఖ్దిసీకి ప్రశ్నే అర్థమై ఉండేది కాదు. ఆయన వాడిన 'కసబా' అనే మాట ఎన్నో చేతులు మారి తెలుగుదేశపు రెవెన్యూ దస్తావేజులలో కూడా చోటు చేసుకున్నది.

ఆధునిక విశ్వవిద్యాలయాలు ఈ రెండు విద్యలనూ విడదీసి వేరువేరు శాఖలకు అప్పగించాయి. దానివల్ల లాభం లేకపోలేదు. కాని నేలను చూడని రాజనీతి వట్టి సూత్రాల మూటగానూ, అధికారాన్ని పట్టించుకోని భూగోళం వట్టి పేర్ల పట్టికగానూ మిగిలిపోయే ప్రమాదం కూడా అప్పుడే మొదలైంది. ఈ ప్రమాదాన్ని తప్పించుకున్న అధ్యాపకులు కొందరు హైదరాబాదులోనే ఉన్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు తొలి తరంవారు వారు.

ఉస్మానియా 1918లో వెలిసింది. 1919లో తరగతులు ఆరంభమైనాయి. ఇంగ్లీషును తప్పనిసరి భాషగా ఉంచి, తక్కిన శాస్త్రాలన్నిటినీ ఉర్దూలో బోధించాలని నిర్ణయం. అయితే పుస్తకాలేవీ? అందుకోసమే 1917లోనే 'దారుత్తర్జుమా' అనే అనువాద సంస్థ ఏర్పడింది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి తొలి నాజిం. మిర్జా హాదీ రుస్వా, అబ్దుల్ మాజిద్ దర్యాబాదీ, నజ్మ్ తబాతబాయీ వంటివారు అక్కడ కలం పట్టారు. పుస్తకాన్ని అనువదించడం ఒక ఎత్తు, మాటను పుట్టించడం ఒక ఎత్తు. కొత్త పారిభాషిక పదాలను అరబ్బీ ధాతువుల నుండి తీయాలా, లేక ఉర్దూ సహజ స్వభావాన్ని బట్టి కూర్చాలా అన్న వివాదం చాలాకాలం సాగింది. ఉస్మానియాలో ఉర్దూ బోధించిన వహీదుద్దీన్ సలీం ఈ విషయంమీదనే 'వజ్ఎ ఇస్తిలాహాత్' అనే గ్రంథం రాసి, ఉర్దూ ఆర్యభాష గనుక దాని సొంత సమాసశక్తిని నమ్ముకోవాలని వాదించాడు. భూగోళానికి చిక్కు తక్కువే. 'ఖత్తె ఉస్తువా', 'తూలె బలద్', 'అర్జె బలద్' మొదలైనవి పాత అరబ్బీ గ్రంథాలలో సిద్ధంగా ఉన్నాయి. రాజనీతికే అసలు కష్టం. ఐరోపాలో రాజులకూ, చర్చికీ, ప్రజలకూ మధ్య శతాబ్దాలపాటు జరిగిన పోరాటాలలో నలిగిన మాటలకు సరిసమానమైన మాట మరొక భాషలో దొరకడం తేలిక కాదు.

ఈ వాతావరణంలోనే ఆచార్య హారూన్ ఖాన్ షేర్వానీ చరిత్రనూ రాజనీతినీ బోధించారు. 1891లో జన్మించిన ఆయన అలీగఢ్ ప్రాంతీయులు. విద్యాభ్యాసం ఇంగ్లండులో ముగించుకొని వచ్చినవారు. రాజనీతి పాఠం అరిస్టాటిల్‌తో మొదలై అక్కడినుండి ఒక్క గంతులో మాకియవెల్లి దగ్గర వాలడం ఆ రోజులలో మామూలు. నడుమనున్న శతాబ్దాలలో మనుషులు రాజ్యాన్ని గురించి ఆలోచించలేదా? ఫారాబీ, మావర్దీ, నిజాముల్ ముల్క్, గజాలీ ఏమి చెప్పారో షేర్వానీ 1942లో వెలువరించిన గ్రంథంలో వరుసగా వివరించారు. మదర్సాలో ఫిఖ్హ్ పాఠంగా వినిపించే మావర్దీ ఆయన పేజీలలో రాజ్యాంగ సమస్యలను ఎదుర్కొన్న న్యాయాధిపతిగా కనిపిస్తాడు.

అదే సంవత్సరంలో షేర్వానీ బహమనీ వజీరు మహ్మూద్ గవాన్‌పై మరొక పుస్తకం ప్రకటించారు. తెలుగు పాఠకునికి దగ్గరది ఇదే. గీలాన్ నుండి వచ్చి బీదరులో వజీరు పదవికి ఎదిగిన గవాన్, బహమనీ రాజ్యంలోని నాలుగు తరఫులను ఎనిమిదిగా చీల్చాడు. తెలంగాణ తరఫు రాజమహేంద్రవరం, వరంగల్ అని రెండయింది. ప్రతి తరఫుదారుకూ ఒక్క కోట మాత్రమే మిగిల్చి, తక్కిన కోటలను సుల్తాను నేరుగా నియమించే కిల్లేదారులకు అప్పగించాడు. ప్రతి తరఫులో కొంత భూమిని సుల్తాను ఖాసా కింద ఉంచాడు, భూములను కొలిపించాడు. పటంమీద గీత మారితే అధికారం చేతులు మారుతుందని తరఫుదారులకు ఎవరూ బోధించనక్కరలేదు. వారు పన్నిన కుట్రలో, దొంగ ఉత్తరం సాక్ష్యంగా, 1481లో గవాన్ శిరచ్ఛేదానికి గురయ్యాడు. కొద్ది దశాబ్దాలలోనే రాజ్యం అయిదు ముక్కలైంది. కేంద్రాధికారం, రాష్ట్రాధికారం అనే పాఠానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దక్కనులో దొరకదు. విచిత్రమేమంటే గవాన్ కట్టించిన బీదరు మదర్సాను చూడడానికి వెళ్ళేవారిలో ఈ సంగతి ఎరిగినవారు తక్కువ.

రెండవవారు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా. 1908లో హైదరాబాదులో జన్మించి, జామియా నిజామియాలోనూ ఉస్మానియాలోనూ చదివి, బాన్, పారిస్ నగరాలలో డాక్టరేట్లు పొంది, తిరిగి ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించారు. దైవప్రవక్త (స) కాలపు సంధిపత్రాలు, లేఖలు, ఆజ్ఞాపత్రాలు ఏర్చికూర్చిన ఆయన అరబ్బీ సంపుటం 1941లో కైరోలో అచ్చయింది. ఇది గ్రంథాలయంలో కూర్చుని చేసిన పని. దానితో ఆయన తృప్తి పడలేదు. బద్ర్, ఉహుద్, ఖందఖ్ యుద్ధస్థలాలకు స్వయంగా వెళ్ళి, నడిచి, కొలిచి, పటాలు గీశారు.

ఖందఖ్ సంగతే చూడండి. హిజ్రీ 5వ సంవత్సరంలో మదీనాపై దండెత్తి వచ్చిన కూటమిని అడ్డుకోవడానికి కందకం తవ్వారని అందరూ ఎరుగుదురు. ఊరి చుట్టూ తవ్వారనుకోవడం కూడా పరిపాటి. నేలను చూసినవారు ఆ మాట అనలేరు. మదీనాకు తూర్పున, పడమట హర్రాలు, అంటే కాలిన నల్లరాళ్ళు పరచుకున్న లావా భూములు ఉన్నాయి. వాటిమీద గుర్రపుదళం నడవలేదు. దక్షిణాన ఖర్జూర తోటలూ, ఒకదానికొకటి ఆనుకున్న ఇండ్లూ. తెరిచి ఉన్నది ఉత్తరపు వైపే. అక్కడే కందకం. పదిమందికి నలభై మూరల చొప్పున పని పంచారని ఉల్లేఖనం. సేన మూడు వేలు. లెక్క కడితే పన్నెండు వేల మూరలు, అంటే సుమారు అయిదున్నర కిలోమీటర్లు. మదీనా నైసర్గిక స్వరూపానికి ఈ పొడవు సరిపోతుంది. ఉల్లేఖనాన్ని నేల బలపరచడమంటే ఇదే. కేవలం రిజాల్ శాస్త్రంతో తేలని కొన్ని ప్రశ్నలు కొలబద్దతో తేలతాయని హమీదుల్లా రచనల వల్ల రుజువైంది.

1948లో హైదరాబాదు ప్రతినిధి వర్గంతో విదేశానికి వెళ్ళిన ఆయన పారిస్‌లోనే ఉండిపోయి, 2002లో అమెరికాలో కన్నుమూశారు. షేర్వానీ 1980లో మరణించారు.

ఇతర విశ్వవిద్యాలయాలలోనూ ఈ దృష్టి గలవారు లేకపోలేదు. అలీగఢ్ భూగోళాచార్యుడు మొహమ్మద్ షఫీ తూర్పు ఉత్తరప్రదేశ్ భూవినియోగంమీద చేసిన పరిశోధన 1960లో వెలువడింది. సాగర్ విశ్వవిద్యాలయంలో భూగోళశాఖను నడిపిన ఎస్.ఎం. అలీ అరబ్బుల భూగోళంపై రాసి, ఆ పిమ్మట 1966లో పురాణాల భూగోళంపై గ్రంథం ప్రకటించారు. ఒక ముస్లిం పండితుడు మేరువునూ జంబూద్వీపాన్నీ అంత శ్రద్ధతో పరిశీలించడం గమనించదగిన విషయం. బీరూనీ చూపిన దారి మూతపడలేదన్నమాట.

ఉస్మానియా ప్రయోగాన్ని పొగిడేవారు ఒక చేదు నిజాన్ని దాటవేస్తుంటారు. దేశభాషలో ఉన్నత విద్య అన్న సూత్రం గొప్పదే. కాని నిజాం రాజ్యంలో దాదాపు సగంమంది తెలుగువారు; మరాఠీ, కన్నడం మాట్లాడేవారు మరెందరో. వారికి ఉర్దూ కూడా నేర్చుకోవలసిన భాషే. పరభాష బరువును దించాలని పుట్టిన విశ్వవిద్యాలయం, తెలుగు విద్యార్థి భుజంమీద మరొక పరభాషను పెట్టింది. 1948 తరువాత బోధన ఇంగ్లీషుకు మారింది. దారుత్తర్జుమా శ్రమ చాలావరకు బీరువాల పాలైంది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి రాజనీతి, భూగోళ శాస్త్రాలకు తెలుగు పాఠ్యగ్రంథాలు తయారు చేయించినప్పుడు, యాభై ఏళ్ళనాటి ప్రశ్నలే మళ్ళీ ఎదురైనాయి. ఈసారి ధాతువులు సంస్కృతానివి.

భూగోళానికి అప్పుడూ చిక్కు రాలేదు. అక్షాంశం, రేఖాంశం, భూమధ్యరేఖ ఇట్టే నిలిచాయి. పరిపాలన మాటలైతే జనం నోట ఎప్పటినుంచో ఉన్నాయి. జిల్లా, తాలూకా, ఫిర్కా మూడూ అరబ్బీ మూలం గలవే. 1985లో ఆంధ్రప్రదేశ్‌లో మండలాలు వచ్చి తాలూకాలను, ఫిర్కాలను తొలగించినా 'జిల్లా' మాత్రం చెక్కుచెదరలేదు. చిక్కు భావాల దగ్గర వస్తుంది. 'ఖలీఫా'ను చక్రవర్తి అంటే అబూబక్ర్ (రజి) జీవితమే తలకిందులవుతుంది. ఆ మాటకు అర్థం వెనుక వచ్చి బాధ్యత వహించేవాడని. 'సార్వభౌమాధికారం' అన్నప్పుడు తెలుగువానికి కిరీటం పెట్టుకున్న సార్వభౌముడే మనసులో మెదులుతాడు.

వీటన్నిటికంటె కఠినమైనది 'ఉమ్మత్'. ఇబ్నె హిషాం భద్రపరచిన మదీనా ఒడంబడికను హమీదుల్లా ప్రపంచంలోని మొదటి లిఖిత రాజ్యాంగమని ప్రతిపాదించి, 52 నిబంధనలుగా విడదీశారు. మొదటిదన్న మాటతో ఏకీభవించని పండితులున్నారు. ఒడంబడిక ప్రాముఖ్యాన్ని ఎవరూ కాదనలేదు. అందులో బనూ ఔఫ్ తెగకు చెందిన యూదులు విశ్వాసులతోపాటు ఒక ఉమ్మత్ అనీ, ఎవరి ధర్మం వారిదనీ ఉన్నది. ఇక్కడ ఉమ్మత్‌ను 'మతసమాజం' అని తెనిగిస్తే వాక్యం తనను తానే ఖండించుకుంటుంది. 'జాతి' అంటే వంశం స్ఫురిస్తుంది. 'రాజకీయ సమాజం' అంటే అర్థం దగ్గరగా వస్తుంది గాని, ఏడవ శతాబ్దపు ఒప్పందానికి ఇరవయ్యవ శతాబ్దపు చొక్కా తొడిగినట్లవుతుంది. కాబట్టి అక్కడ 'ఉమ్మత్' అనే ఉంచి, ఆ పత్రంలో దాని పరిధి ఎంతో అడుగున నాలుగు పంక్తులలో వివరించడమే మేలు. తెలుగు మాధ్యమంలో రాజనీతి చదివే ముస్లిం విద్యార్థికీ, అతని పక్కన కూర్చున్న హిందూ విద్యార్థికీ ఆ నాలుగు పంక్తులు సమానంగా అవసరం.